పిడకల కుప్పలో సామాను సైకిలు

ఉద్యోగం చేసి దిగిపోయినవాళ్ళు జ్ఞాపకాలు రాసేటప్పుడు ముందు తాము కూర్చున్న కుర్చీ గురించి రాస్తారు. నా ఉద్యోగంలో కుర్చీ లేదు. తోలు సీటు ఒకటి ఉండేది. దాన్ని కూడా ఒకరోజు ఎమ్మిగనూరులో ఎవడో పీక్కుపోయాడు. కాబట్టి నా కథ ఆ సీటు పోయిన దగ్గరనుంచే మొదలుపెట్టాలి.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. మా ఊళ్ళు అప్పుడు బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఆదోనిలో ఒక బట్టల సాహుకారు దగ్గర నేను సామాను సైకిలు తొక్కేవాణ్ణి. వారానికి రెండుసార్లు నూలు చిలపలు, అంటే దారపు చుట్టలు, వేసుకొని ఎమ్మిగనూరు పోవాలి, మగ్గాల వాళ్ళకు ఇవ్వాలి, వాళ్ళు నేసిన పంచెలూ చీరలూ కట్టలు కట్టుకొని తిరిగి రావాలి. పోను రాను ముప్పై అయిదు మైళ్ళు. ఎదురుగాలి ఉన్న రోజు డెబ్బై. మా దారిలో గాలి ఎప్పుడూ ఎదురుగానే వీస్తుంది. పోయేటప్పుడూ అంతే, వచ్చేటప్పుడూ అంతే. ఎందుకని నన్నడగవద్దు.

ఆ సైకిలు గురించి ఇప్పటి పిల్లలకు చెప్పాలి. బళ్ళారి దండులో, అంటే కంటోన్మెంటులో, తెల్ల సోల్జర్లకు రొట్టెలు మోసిన సైకిలు అది. సాహుకారు ఎవరినో పట్టుకొని తెప్పించాడు. ముందు చక్రం చిన్నది, దాని మీద పసిపిల్లల మంచమంత ఇనప చట్రం. నిలబెట్టడానికి కింద రెండు కాళ్ళు. ఖాళీగా తొక్కడానికే ఇద్దరు మనుషుల బలం కావాలి. నేను ఒక్కణ్ణే తొక్కేవాణ్ణి, అది వేరే సంగతి. ఎంత కడిగినా దానికి రొట్టె వాసన పోలేదు. ఆదోని పొలిమేర దాటేదాకా ఊళ్ళోని కుక్కలన్నీ నా వెంట వచ్చేవి. అవి కరవడానికి కాదు, ఆశతో వచ్చేవి.

దాని అసలు గొప్ప మాత్రం టైర్లు. రబ్బరంతా మిలిటరీ లారీలకు పోతుండేది. అంగళ్ళలో టైరూ లేదు, ట్యూబూ లేదు. చాలామంది టైర్లకు గోనెపట్టా చుట్టి, తాడు కట్టి తొక్కేవాళ్ళు. నా సైకిలుకు మాత్రం రెండు చక్రాలకూ అతుకు లేని టైర్లు. జనం వాటిని జాతరలో ఏనుగును చూసినట్టు దగ్గరకొచ్చి తాకి మరీ చూసేవాళ్ళు. తాకేవాళ్ళలో ఎవడు భక్తుడో, ఎవడు దొంగో తెలిసేది కాదు.

సైకిలు రాకముందు ఆ సరుకంతా ఎద్దుబండి మీద పోయేది. ఆ బండాయన హొళగుంద మనిషి. కోపమొస్తే కన్నడంలో మాట్లాడేవాడు, ఎగతాళికి తెలుగు వాడుకునేవాడు. నాతో మాట్లాడినప్పుడల్లా తెలుగే. ఆయనకు ఒక తెల్ల ఎద్దు, ఒక ఎర్ర ఎద్దు. తెల్లదాన్ని చూపించి రోజూ ఇదే మాట:

"ఏమప్పా, నా ఎద్దును ఎవుడన్నా ఇప్పుకోని పోతే ఊరంతా ఇనపడేటట్టు అరుస్తాది. ఇడిసిపెడితే దావ తెలుసుకొని ఇంటికొస్తాది. నీ సైకిలు అరుస్తాదా? ఇంటికొస్తాదా?"

"నీ ఎద్దుకు గడ్డెయ్యాలన్నా. నా సైకిలుకు ఏం ఎయ్యాల?" అనేవాణ్ణి నేను.

"ఏమీ ఎయ్యవు గాబట్టే అది ఎవుని ఎంటనైనా పోతాది."

ఆ మాట ఆయన అన్న వారంలోనే సీటు పోయింది. మగ్గం వాళ్ళ ఇంట్లో నూలు దించి, మజ్జిగ తాగి వచ్చేసరికి సీటు ఉండాల్సిన చోట ఇనప గొట్టం నిలబడి ఉంది. ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా నిలబడి తొక్కుకుంటూ వచ్చాను. దారిలో ఒక పెద్దామె నన్ను చూసి, "ఏం మొక్కుకున్నావు నాయనా?" అని అడిగింది.

సాహుకారు మంచి మనిషి. కొత్త సీటు వేయించాడు. పత్తి గోడౌనుకు వేసే తాళం ఒకటి, గొలుసు ఒకటి చేతికిచ్చాడు. తాళం రెండు శేర్ల బరువు. ఆ గొలుసుతో ఏనుగును కట్టెయ్యొచ్చు. మరుసటి వారం ఎమ్మిగనూరులో ఒక వేపచెట్టుకు సైకిలును గొలుసుతో కట్టి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకొని పోయాను. తిరిగి వచ్చి చూస్తే సైకిలు ఉంది. చెట్టూ ఉంది. తాళమూ గొలుసూ లేవు.

ఈ మాట చెప్పినప్పుడు సాహుకారు చాలాసేపు నా మొలతాడుకు వేలాడుతున్న తాళంచెవి వైపే చూస్తూ కూర్చున్నాడు.

"సూడప్పా," అన్నాడు చివరకు, "ఈసారి దానికి సంబంధించింది ఏది పోయినా సరే, మిగిలింది అమ్మేస్తా. సరుకు మళ్ళీ బండి మీదనే పోతాది. నువ్వు మిల్లుకు పోవచ్చు."

మిల్లు అంటే పత్తి మిల్లు. సైకిలెక్కక ముందు నేను మూడేళ్ళు అక్కడే చేశాను. పొద్దున పోయిన మనిషి సాయంకాలానికి కనుబొమలు నెరిసి ముసలివాడై బయటికొచ్చే చోటు అది. తుమ్మితే ముక్కులోంచి దారం వచ్చేది. ఆ దారంతో మా అమ్మ ఒకసారి దీపానికి ఒత్తి చేసింది. ఆ మిల్లుకు మళ్ళీ పోకూడదని ఆ పూటే గట్టిగా అనుకున్నాను. సైకిలు నా చేతిలో ఉన్నంతవరకే నాకు ఎండా గాలీ దక్కుతాయి.

బండాయన మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. అరవాలి అన్నాడు కదా, అరిపిస్తాను అనుకున్నాను. సంతలో మేకల మెడకు కట్టే గంటలు దొరుకుతాయి. అవి నలభై దాకా కొని చట్రం చుట్టూ, హ్యాండిలుకూ, చక్రాల పక్కనా కట్టేశాను. ఎవడన్నా వేలు పెడితే ఊరంతా వినపడాలి. ఊరంతా వినపడింది కూడా. ఎమ్మిగనూరు దాటి రెండు మైళ్ళు వచ్చాక వెనక ఏదో చప్పుడవుతోందని తిరిగి చూశాను. ఒక మేకల మంద నా వెనకే వస్తోంది. నేను వేగం పెంచితే అవీ పెంచాయి. నేను ఆగితే ఆగి, తలలెత్తి, ఇప్పుడు ఎటు పోదామన్నట్టు చూశాయి. ఇంతలో వాటి వెనక ఒక గొల్లాయన కర్రెత్తుకొని పరుగెత్తుకొచ్చాడు.

"ఓరి దొంగనాయాలా, నా మేకల్ని యాడికి తోలుకపోతాండావురా?"

"నేను తోలుకపోలేదు పెద్దాయనా. అవే వస్తాండాయి."

"అవే వస్తాండాయా? నువ్వేమన్నా వాటికి మేనమామవా?"

సైకిలును దొంగలనుంచి కాపాడుకోబోయి నేనే దొంగనయ్యాను. ఒక్కొక్క గంటలో పత్తి కుక్కి, అది మోగకుండా చేసి చూపిస్తే గానీ ఆయన నమ్మలేదు. ఆదోని మనిషి జేబులో పత్తికి కరువుండదు కాబట్టి బతికిపోయాను. గంటలు మాత్రం విప్పలేదు. ఒకసారి కట్టింది విప్పడం నా ఒంట్లో లేదు.

ఇక అసలు రోజుకు వస్తాను.

ఆ ఏడు ఉగాది మరునాడు సాహుకారు నన్ను ఎమ్మిగనూరుకు కాకుండా ఆస్పరి వైపు పంపాడు. కైరుప్పలలో ఒక అంగడికి పంచెలూ తువ్వాళ్ళూ ఇచ్చి రావాలి. కైరుప్పలలో ఆ రోజు ఏం జరుగుతుందో మా వైపు పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. దేవుడి పెళ్ళి తగాదా పేరు చెప్పి ఊరు రెండుగా చీలి, ఒకరినొకరు పిడకలతో కొట్టుకుంటారు. దుమ్ము లేచి మనిషికి మనిషి కనపడడు. ఆఖరుకు పెద్దలు రాజీ చేసి దేవుడికీ దేవతకూ పెళ్ళి జరిపిస్తారు. దెబ్బలు తిన్నవాళ్ళు విభూతి పూసుకొని నవ్వుతూ ఇళ్ళకు పోతారు. మా చిన్నమ్మది ఆ ఊరే. సరుకు ఇచ్చేసి, చిన్నమ్మ ఇంట్లో బొబ్బట్లు తిని, వేడుక చూసి రావాలని నా ఆలోచన.

మధ్యాహ్నానికే సరుకు దించేశాను. చిన్నమ్మ ఇంటి ముందు సైకిలు నిలబెట్టి, బొబ్బట్లు తిని మూతి కడుక్కుంటున్నాను. ఎర్ర రుమాలు చుట్టుకున్న మనిషి ఒకడు వచ్చి సైకిలు చుట్టూ తిరిగాడు. వంగి ముందు టైరు వత్తి చూశాడు. లేచి వెనక టైరు వత్తాడు. సీటు మీద చెయ్యి పెట్టి తల అడ్డంగా ఆడించాడు.

"ఏమన్నా, ఏం కావాల?" అన్నాను.

"ఏం లేదప్పా, ఊరకే సూస్తాండా," అని అవతలి వీధి వైపు పోయాడు. పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగాడు.

వీడు మనిషి మాదిరి లేడు, మిల్లు పంపిన వారంటు మాదిరి ఉన్నాడు. ఇంట్లో పెడదామంటే చిన్నమ్మ ఇంటి తలుపు సన్నం, చట్రం పట్టదు. వెనకకు పోయి చూశాను. పెరట్లో నా ఎత్తున పిడకల కుప్ప. మెత్తగా అలికినట్టు, పద్ధతిగా పేర్చి ఉంది. కొట్లాటకు పోగుచేసిన పిడకలు గుడి దగ్గర ఉంటాయని నాకు తెలుసు, వస్తూ చూశాను కూడా. ఇది చిన్నమ్మ పొయ్యిలోకి అనుకున్నాను. చిన్నమ్మ నీళ్ళకు పోయింది. గబగబా కుప్ప వెనకవైపు పిడకలు తీసి, గుహ మాదిరి చేసి, సైకిలును లోపలికి నెట్టి, మళ్ళీ ఒక్కొక్క పిడక పేర్చేశాను. గంటల్లో పత్తి ఉందో లేదో కూడా చూసుకున్నాను. పని పూర్తయ్యాక దూరం జరిగి చూస్తే నాకే సైకిలు ఎక్కడుందో తెలియలేదు. ఆ దొంగ కళ్ళలో దుమ్ము కొట్టానని ఎంత సంతోషపడ్డానంటే, ఇంకో బొబ్బట్టు తిన్నాను.

సాయంకాలం పొద్దు వాలుతుండగా పక్క ఊరి పెద్దమనిషి గుర్రమెక్కి వచ్చాడు. ఆయన వస్తే గానీ కొట్లాట మొదలవదు. మొదలైంది. నేను చిన్నమ్మ వాళ్ళ వైపు ఆడవాళ్ళ వెనక నిలబడి ఈల వేస్తున్నాను. పిడకలు పావురాల గుంపు మాదిరి ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఎగురుతున్నాయి. ఎంత బాగుందో చెప్పలేను. ఇంతలో మా వైపు చప్పుడు తగ్గింది.

"పిడకలు అయిపోయినాయప్పో," అని ఎవరో అరిచారు.

నా పక్కనున్న మా చిన్నమ్మ నడుముకు కొంగు బిగించి ముందుకొచ్చింది. "అయిపోతే మూతులు ముడుసుకోని నిలబడతార్రా? మా పెరట్లో కుప్ప ఏం జేసుకోను, ఏడాదంతా దీనికే కదా పేర్చింది. పోయి తెచ్చుకోండి."



గంపలతో పదిమంది మా చిన్నమ్మ పెరటి వైపు పరుగెత్తారు. నేను వాళ్ళకంటే ముందు పరుగెత్తి కుప్పకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాను.

"వద్దన్నా, ఇది వద్దు. ఓడిపోదాం. ఓడిపోతే ఏమి, ఆఖరుకు పెళ్ళయ్యేదే కదా."

"ఎవుర్రా ఈడు, అవతలి వైపోడా?"

"మా అక్క కొడుకులే, ఆదోనోడు," అంది వెనకనుంచి చిన్నమ్మ. "ఎండకు తిరిగినాడు. పక్కకు నెట్టండి."

నెట్టారు. ఆ ఊళ్ళో తన వైపు వాళ్ళు ఓడిపోవాలని ఆ దేవుడికి దండం పెట్టుకున్న మనిషి నేనొక్కణ్ణే అయి ఉంటాను. దేవుడు వినలేదు. గంప మీద గంప పోతోంది. కుప్ప నా భుజం దాకా దిగింది, మొలదాకా దిగింది. ముందు హ్యాండిలు కనపడింది. తర్వాత సీటు. తర్వాత నలభై గంటలతో, పేడ పొడి పూసుకొని, పుట్టలోంచి లేచిన ముని మాదిరి సైకిలు మొత్తం.

అందరూ గంపలు కింద పెట్టేశారు.

"ఇదేమే పిన్నమ్మా, పిడకల్తో సైకిలు సేసినావా?" అన్నాడొకడు.

"ఇది నాదన్నా," అన్నాను నేను.

"నీదైతే ఇంకేం. నువ్వే తొక్కు."

అప్పటికే నన్ను ఎత్తి సీటు మీద పెట్టారు. చట్రం మీద నా తల దాటేదాకా పిడకలు పేర్చారు. వెనకనుంచి నలుగురు తోశారు. చిన్నమ్మ ఇంటినుంచి గుడిదాకా వీధి పల్లం. బరువుతో ఉన్నప్పుడు ఆ సైకిలుకు బ్రేకు ఉన్నా లేకపోయినా ఒకటే. కుదుపులకు గంటల్లోని పత్తి ఒక్కొక్కటే రాలిపోయింది. నలభై గంటలూ మోగడం మొదలుపెట్టాయి. గుర్రం మీది పెద్దమనిషి గుర్రాన్ని పక్కకు తిప్పుకోవడం చూశాను. దుమ్ములోంచి గంటలు మోగుతూ ఒక పిడకల గోడ తమ మీదికి వస్తుంటే అవతలివాళ్ళు రెండుగా చీలి దారిచ్చారు. నేను మా వాళ్ళను దాటి, నడిమి గీత దాటి, నేరుగా శత్రువుల మధ్యకు పోయి ఆగాను.

వాళ్ళు నన్ను కొట్టలేదు. అంత పని పెట్టుకోలేదు. చట్రం మీది పిడకలు చకచకా దించుకొని మా వాళ్ళ మీదికే విసిరారు. మా వాళ్ళు నన్ను చూసి విసిరినవి నాకు తగిలాయి. ఆ పది నిముషాల్లో రెండు వైపుల దెబ్బలూ తిన్నది నేనూ నా సైకిలూ మాత్రమే.

దుమ్ము కొంచెం తగ్గాక చూస్తే ఒక చెయ్యి నా హ్యాండిలు పట్టుకొని ఉంది. ఎర్ర రుమాలు మనిషి.

"దిగప్పా," అన్నాడు.

అయిపోయిందనుకున్నాను. కళ్ళ ముందు మిల్లు గేటు కనపడింది. హ్యాండిలును కావలించుకొని, "నా ఉద్యోగం పోతాదన్నా, టైర్లు కావాలంటే తీసుకో, సైకిలు మాత్రం ఇడిసిపెట్టు," అన్నాను. టైర్లు పోయినా ఉద్యోగం పోతుందన్న సంగతి ఆ భయంలో తట్టలేదు.

ఆయన నవ్వి రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. "టైర్లు నాకెందుకప్పా? పగటిపూట నువ్వు నన్ను దొంగను సూసినట్టు సూస్తివి, అందుకే సంగతి చెప్పకుండా పోతి. బళ్ళారి దండులో దీన్ని మూడేండ్లు తొక్కినోణ్ణి నేను. రొట్టె వాసన రాలేదంటే తల తీసుకో. పాత సీటు ఏమాయ?"

నేను సీటు గురించి చెప్పాను. తాళం గురించి చెప్పాను. మేకల గురించి చెప్పాను. చుట్టూ పిడకలు ఎగురుతూనే ఉన్నాయి, మేమిద్దరం సైకిలు చాటున కూర్చొని మాట్లాడుకున్నాం. ఒకే ఆఫీసులో ముందొకరు, వెనకొకరు పనిచేసినవాళ్ళు కలుసుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది.

"నువ్వు కడుగుతాండావా దీన్ని?" అన్నాడాయన.

"వారం వారం కడుగుతాన్నా. చింతపండు పెట్టి తోముతా."

"అదీ నీ తప్పు. దండులో రొట్టె తినేటోళ్ళు పోరు పెడితే తప్ప నేను కడిగింది లేదు. తళతళ మెరిసేదాన్నే ఎవుడన్నా ముట్టుకునేది. దొంగోడు కూడా ఇంటికిపోయి అన్నం తినాల్నప్పా. ఇప్పుడు సూడు, దీన్ని ఎవుడు ముడతాడు?"

చూశాను. సైకిలు పేడతో నిండిపోయి ఉంది. ఏది చక్రమో, ఏది చట్రమో తెలియడం లేదు. నన్ను చూసుకుంటే నేనూ అంతే. ఆ వీధిలో అన్ని వందలమంది ఉన్నారు, ఒక్కరు కూడా టైరు తాకలేదు.

మరునాడు అలాగే తొక్కుకుంటూ ఆదోని చేరాను. కుక్కలు పొలిమేర దాకా ఎదురొచ్చి, వాసన చూసి, ఒకదాని ముఖం ఒకటి చూసుకొని వెనక్కి పోయాయి. అంగడి ముందు బండాయన స్టేషను నుంచి తెచ్చిన సరుకు దించుకుంటున్నాడు. నన్ను చూసి దించుతున్న మూట అక్కడే వదిలేసి, సైకిలు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఇన్నాళ్ళకు ఎద్దాయ కదప్పా ఇది," అన్నాడు. "అరిసేది కూడా నేర్పినావు, గంటలు కడితివి. పేడ ఎయ్యడం ఒకటే తక్కువ ఉండె."

సాహుకారు గడప దాటి బయటికి రాలేదు. ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకొని అక్కడినుంచే అడిగాడు.

"ఏమన్నా పోయినాదా?"

"ఏమీ పోలేదు సామీ."

ఆయన ఇంకోసారి చూశాడు. "పోదు కూడా," అన్నాడు. బట్టలకు మాత్రం రెండు గోతాలు చుట్టమన్నాడు.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆ సైకిలుకు తాళం లేదు, గొలుసు లేదు. సంతలో, స్టేషను ముందర, పత్తి మార్కెట్టు గేటు దగ్గర, ఎక్కడ పడితే అక్కడ వదిలేసి పోయేవాణ్ణి. ఎవడూ దగ్గరికి రాలేదు. ఎండకు ఎండి పెచ్చులూడితే మళ్ళీ పూయాలి కదా, దానికి పదిహేను రోజులకొకసారి గంప పట్టుకొని బండాయన కొట్టంలోకి పోయేవాణ్ణి. తెల్ల ఎద్దు పేడ అయితే బాగా పట్టుకుంటుంది. ఆయన ఎప్పుడూ వద్దనలేదు. "నా పని నువ్వు తీసుకుంటివి, నా ఎద్దు పని కూడా తీసుకోప్పా," అని మాత్రం అనేవాడు.

యుద్ధం అయిపోయింది. ఒక దసరాకు సాహుకారు అంగడికి సున్నం కొట్టించి, రంగులు వేయించి, కొత్త బోర్డు పెట్టించాడు. ఆ బోర్డు కింద నా సైకిలును చూసి ఆయనకు సిగ్గేసింది. "ఆయుధ పూజకన్నా దాన్ని కడుగప్పా," అన్నాడు. నాలుగేళ్ళలో ఆయన నన్ను అడిగిన సాయం అదొక్కటే. చింతపండూ బూడిదా వేసి పూటంతా తోమాను. పచ్చరంగు బయటపడింది. టైర్లు నల్లగా నిగనిగలాడాయి. రొట్టె వాసన కూడా తిరిగొచ్చింది, ఎక్కడినుంచో రెండు కుక్కలు పరుగెత్తుకొచ్చాయి. కుంకుమ బొట్టు పెట్టి, పూలమాల వేసి, కొబ్బరికాయ తేవడానికి లోపలికి పోయాను.

కొబ్బరికాయ పట్టుకొని బయటికొచ్చేసరికి కుక్కలు కూడా లేవు. దాని వెంటే పోయాయి.

సాహుకారు నన్ను తిట్టకుండా నూలు మళ్ళీ బండికి ఎత్తించే పనిలో పడ్డాడు. కడగమన్నది తానే కదా. నేను కాయను చేతిలో పట్టుకొని మెట్టు మీద కూర్చున్నాను. మిల్లు దారి ఎటువైపో కాళ్ళు అప్పుడే తలుచుకుంటున్నాయి. బండాయన బండి పక్కన ఆగింది. నాకు ఎగతాళి వినే ఓపిక కూడా లేదు. ఆయన ఎగతాళి చేయలేదు. నూలు మూటలు కొంచెం పక్కకు జరిపి మనిషి పట్టేంత చోటు చేశాడు.

"ఎక్కు," అన్నాడు. "మూటలు దించనీకి నాకూ ఒక మనిషి కావాల. ఎమ్మిగనూరులో అందురికీ నువ్వు తెలుసు."

ఎక్కాను. తర్వాత పన్నెండేళ్ళు అదే నా ఉద్యోగం. ఇప్పుడు కొత్త సైకిలు కొనుక్కొని ఏ తాళం మంచిదని నన్ను అడగడానికి వచ్చే పిల్లలకు నేను తాళం పేరు చెప్పను, కొట్టం దారి చూపిస్తాను. వాళ్ళు నవ్వి పోతారు.

ఆ రోజు బండి కదిలాక కొంచెం దూరం పోయి తెల్ల ఎద్దు ఆగింది. మెడ తిప్పి నన్నూ, నా చేతిలోని కొబ్బరికాయనూ నిదానంగా చూసింది. నాలుగేళ్ళు తన సొత్తు పూసుకొని తిరిగినది ఎక్కడని అది అడుగుతోందని నాకు అర్థమైంది. బండి దిగి ముందుకు పోయాను. కొబ్బరికాయ దాని ముందే కొట్టాను.